తాళం మనది, చెవి వాళ్ళది

పూర్వం తాళంచెవి పోతే ఇంటావిడ చేత నాలుగు చివాట్లు తిని, బజారు మలుపులో కూర్చునే చాబీవాలా దగ్గరికి వెళ్ళేవాళ్ళం. నల్ల గొడుగు కింద, గుత్తులు గుత్తులుగా వేలాడే చెవుల మధ్య కూర్చుని ఆయన ఆకురాయి పుచ్చుకుని అటు నాలుగు, ఇటు నాలుగు రుద్ది చేతిలో పెట్టేవాడు. ఇనప్పెట్టెకైనా అంతే, స్కూటరుకైనా అంతే, అంబాసిడర్ కారుకైనా అంతే. తాళం మనదైతే తాళంచెవి కూడా మనదే అన్న సంగతిలో ఏ కంపెనీకీ అనుమానం రాలేదు.

ఇప్పుడొచ్చింది. తెచ్చిపెట్టింది వేరుశెనగ గింజంత చిప్పు.

కారు రిమోట్ తాళంచెవిలో రెండు కాపురాలుంటాయి. బొత్తాం నొక్కితే తలుపులు తెరిచేది ఒకటి. దానికి బిళ్ళ బ్యాటరీ కావాలి. రెండోది చిప్పు. దీనికి బ్యాటరీ అక్కర్లేదు. చెవిని ఇంజను తాళంలో పెట్టి తిప్పగానే, ఆ రంధ్రం చుట్టూ ఉన్న తీగచుట్ట దీనికి ఇంత కరెంటు భిక్ష వేస్తుంది. ఆ భిక్షతో ప్రాణం తెచ్చుకుని ఇది తన గుర్తు చెబుతుంది. కారులోని కంప్యూటరు 'సరే, మనవాడే' అంటేనే ఇంజను నడుస్తుంది. లేదా, ఇనప ముక్క ఎంత ఒద్దికగా తిరిగినా బండి కదలదు. దొంగతనాలు తగ్గించడానికి పుట్టిన ఏర్పాటు ఇది. యూరప్‌లో 1998 అక్టోబరు నుంచి కొత్త కార్లకు తప్పనిసరి చేశారు. మంచి ఏర్పాటే. నా పోట్లాట దానితో కాదు.

నా కారు 2011 నాటిది. ఒక చెయ్యి మారి నా దగ్గరికి వచ్చింది. వస్తూ ఒక్క తాళంచెవినే వెంట తెచ్చుకుంది. నడిపేవాళ్ళం ఇద్దరం. చెవి నా జేబులో పడి రాయదుర్గంలో మెట్రో దిగిందంటే, బండి కొండాపూర్‌లో విగ్రహంలా నిలబడిపోతుంది. పైగా నావి రాత్రి డ్యూటీలు. అమెరికావాడి పగలు మనకు రాత్రి గదా! అర్ధరాత్రి మా నాన్నగారికి ఆయాసం వస్తే, మా ఆవిడ ఇంటి ముందున్న కారుకేసి చూస్తూ ఆటో కోసం వెతుక్కోవాలి. ఒకసారి వెతుక్కుంది కూడా.

ఇంకో చెవి చేయిద్దామని ఒక షోరూముకి వెళ్ళాను. పేరెందుకు లెండి. ఏసీ చల్లగా ఉంది, కాఫీ వేడిగా ఉంది. సమాధానమే అటూ ఇటూ కాకుండా ఉంది.

"పాత మోడల్ సార్, కీ విడిగా రాదు. సెట్టు మొత్తం మార్చాలి" అన్నాడు మెళ్ళో కార్డు వేసుకున్న కుర్రాడు.

సెట్టంటే ఏమిటి బాబూ అని అడిగితే వరసగా అప్పజెప్పాడు. తలుపుల తాళాలు, ఇంజను తాళం, డిక్కీ తాళం, వాటి వెనకాల కంప్యూటరు పెట్టె. చెప్పు తెగిందంటే కాళ్ళు మార్పించుకోమన్నట్టుంది! పోనీ ఆ కోడ్ ఏదో ఇవ్వండి, బయట చేయించుకుంటానన్నాను.

"కోడ్ కస్టమర్‌కి ఇవ్వరు సార్. కంపెనీ పాలసీ."

చూశారా తమాషా! ఇన్సూరెన్సు కట్టేటప్పుడు నేను ఓనర్ని. చలానా పడ్డప్పుడు నేను ఓనర్ని. కోడ్ అడిగితే మాత్రం కస్టమర్ని.

పాతబస్తీలో ఒక చాబీవాలా దగ్గరికీ వెళ్ళాను. "చాబీ తో బన్ జాతీ సాబ్, గాడీచ్ నై మాన్తీ" అన్నాడు. చెవైతే తయారవుతుందట, బండే ఒప్పుకోదట. ఆయన దగ్గర మిషనుంది, చిప్పుంది, చేతిలో పనితనముంది. లేనిదల్లా ఆ కోడే. షోరూము కుర్రాడు అరగంటలో చెప్పలేని విషయాన్ని ఈయన ఒక్క వాక్యంలో చెప్పాడు.

అడిగినవాడికల్లా కోడ్ ఇస్తే దొంగల పని సులువైపోదా అని కంపెనీల వాదం. వినసొంపుగానే ఉంది. కాని ఒక్కటి ఆలోచించండి. నా కారు రెండో చెవి ఇప్పుడెక్కడుంది? పాత యజమాని బీరువాలోనా, ఆయన డ్రైవరు జేబులోనా? నాకు తెలియదు. చాలా కార్లలో కొత్త చెవిని నేర్పేటప్పుడు, ఎదురుగా లేని పాత చెవులను బండి చేత మరిపించవచ్చు. అంటే ఆ కోడ్ నా చేతికొస్తే నా బండికి భద్రత పెరుగుతుంది. దాచిపెడితే నా బండి చెవి ఎవరి దగ్గరో ఉండిపోతుంది. పైగా రేపు బండి పోయిందనుకోండి, ఇన్సూరెన్సు వాళ్ళు మొట్టమొదట అడిగేది రెండు తాళంచెవులూ ఏవని! ఒకటే చూపించిన వాడిని దొంగకు చుట్టంలా చూస్తారు. కంపెనీ ఇవ్వదు, ఇన్సూరెన్సు ఒప్పుకోదు. మధ్యలో మనం.

రహస్యం దాస్తే దొంగ ఆగుతాడన్నది కూడా అంత గట్టి మాట కాదు. మెగామోస్ అనే చిప్పు చాలా కంపెనీల కార్లలో వాడారు. దానిలో లోపముందని విశ్వవిద్యాలయాల పరిశోధకులు కనిపెట్టి, 2012లోనే చిప్పు తయారుచేసిన వాళ్ళకు తెలియజేశారు. ఫోక్స్‌వ్యాగన్ 2013లో లండన్ హైకోర్టుకెళ్ళి ఆ వ్యాసం అచ్చుకాకుండా ఆపించింది. చివరికి 2015లో ఒక్క వాక్యం తీసేసి అచ్చేశారు. ఈ రెండేళ్ళూ చీకట్లో ఉన్నది ఎవరయ్యా అంటే, ఆ కార్లు కొనుక్కున్నవాళ్ళు.

మన దేశంలో ఈ గుత్తాధిపత్యం సంగతి తేలనిదేం కాదు. కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల పైచిలుకు జరిమానా వేసింది. విడిభాగాలూ, లోపం పట్టే పరికరాలూ బయటి మెకానిక్‌లకు అందకుండా చేస్తున్నారన్నది నేరం. ఆ తర్వాత అప్పీళ్ళూ, వాయిదాలూ మామూలే. 2022 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం 'రైట్ టు రిపేర్' అని ఒక పోర్టల్ తెరిచింది. అందులో కార్లనూ చేర్చింది. సంతోషం. కాని పోర్టల్ చట్టం కాదుగదా! కాలిఫోర్నియాలో చట్టమే ఉంది, 2008 నుంచి అమల్లో ఉంది. బండి రిజిస్టరు చేయించుకున్న మనిషి, లైసెన్సున్న తాళాలవాడి ద్వారా అడిగితే రాత్రీపగలూ ఆ సమాచారం అందే ఏర్పాటు కంపెనీ చేయాలి. దానివల్ల అక్కడి కంపెనీలేవీ దివాలా తీయలేదు.

నాకు ఎక్కడ మండుతుందో చెప్పనా? ఇదంతా జరుగుతున్నది ఏ అడవిలోనో కాదు. యూరప్‌లో ఆ నిబంధన వచ్చిన మరుసటి నెలలోనే, 1998 నవంబరులో, ఇక్కడ సైబర్ టవర్స్ తలుపులు తెరిచారు. ఇవాళ హైటెక్ సిటీ రైల్వే స్టేషను దగ్గర హ్యుందాయ్ ఇంజనీరింగ్ కేంద్రముంది, నానక్‌రామ్‌గూడలో జెడ్ఎఫ్ టెక్నాలజీ సెంటరుంది. కార్లకు బుర్ర పెట్టే పని మన పిల్లలే ఇక్కడ కూర్చుని చేస్తున్నారు. వాళ్ళనేమీ అనడం లేదు, గర్వపడుతున్నాను. కాని బుర్ర మనవాళ్ళదీ, చెవి మాత్రం కంపెనీదీనా?

చేతగాక కాదు సుమండీ. ఫియట్ వాళ్ళు ఒకప్పుడు కారుతో పాటు చిన్న కోడ్ కార్డు ఇచ్చేవాళ్ళు. తాళం నంబరూ, కంప్యూటరు నంబరూ రెండూ దానిమీదే ఉండేవి. దాచుకున్నవాడు దాచుకున్నాడు, పారేసుకున్నవాడు పారేసుకున్నాడు. ఇచ్చారా లేదా అన్నది మాట. కాబట్టి చేయవలసింది చిన్న పని. కారు అమ్మిన రోజు కాయితాలతో పాటు ఆ నంబరు కవరులో పెట్టి ఇవ్వండి. చేతులు మారిన కారైతే, ఆర్.సి. తెచ్చి, ఆధార్ చూపించి, సంతకం పెట్టినవాడికి ఇవ్వండి. పాత మోడలని, చెవి ఇప్పుడు తయారు చేయడం లేదని తప్పించుకోకండి. తయారు చేయడానికి మా చాబీవాలా ఉన్నాడు. కావాలంటే రుసుము వంద రూపాయలు పుచ్చుకుని రసీదు ఇవ్వండి. నంబరు మీ దగ్గర ఊరికే పడి ఉంది గనక ఆ వంద కూడా దండగే, పోనీలెండి, కాఫీ ఖర్చుకింద ఉంచుకోండి.