కొండ మీద ఇల్లు, కంటి ముందు సముద్రం

కలల ఇల్లు గీయమంటే మీలో చాలామంది ముందుగా ఒక కొండ గీస్తారు. దాని నెత్తిన ఒక మేడ, మేడకు నిలువెత్తు అద్దాలు, ఎదురుగా సముద్రం. విశాఖపట్నం, భీమునిపట్నం వైపు పిల్లలయితే చెప్పనే అక్కరలేదు. కల మంచిదే. కాని ఆ ఇంటికి అందం కంటే ముందు కొన్ని లెక్కలున్నాయి. అన్నీ మీ పాఠ్యపుస్తకాల్లో ఉన్నవే. అవి వేసుకోకుండా కొండ మీద పునాది తవ్వడం తప్పని నా అభిప్రాయం.

మొదట ఎత్తు సంగతి చూద్దాం. శిఖరం మీదే ఎందుకు కట్టాలి? ఎక్కువ దూరం కనిపిస్తుంది అంటారు. ఎంత దూరం? భూమి గుండ్రంగా ఉంది గనుక మన చూపు స్పర్శరేఖలాగా నీటిని తాకి, అక్కడితో ఆగిపోతుంది. కంటి ఎత్తు ఎన్ని మీటర్లో ఆ సంఖ్యకు వర్గమూలం కట్టి 3.57తో గుణించండి. సముద్రపు అంచు ఎన్ని కిలోమీటర్లలో ఉందో వస్తుంది. (పైథాగరస్ సిద్ధాంతంతో ఈ సూత్రాన్ని మీరే రాబట్టవచ్చు.) ఒడ్డున ఇసుకలో నిలబడితే నాలుగు కిలోమీటర్ల పైచిలుకు. 30 మీటర్ల ఎత్తు నుంచి దాదాపు 20. 120 మీటర్ల ఎత్తు నుంచి 39. అంటే నాలుగింతలు ఎక్కితే చూపు రెండింతలే పెరిగిందన్నమాట! రోడ్డు ఖర్చు, నీళ్లు పైకి తోడే ఖర్చు, గాలి దెబ్బ మాత్రం అంత దయ చూపవు.

గాలి అన్నాను గదా. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మీద విరుచుకుపడినప్పుడు ఊళ్లో ఎన్ని అద్దాలు పగిలాయో మీ ఇంట్లో పెద్దవాళ్లనడగండి. గాలి సెకనుకు 50 మీటర్ల వేగంతో, అంటే గంటకు 180 కిలోమీటర్ల వేగంతో వీస్తోందనుకుందాం. ఆ 50ని వర్గం చేసి 0.6తో గుణిస్తే చదరపు మీటరుకు 1500 న్యూటన్ల పీడనం. రెండు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు ఉన్న అద్దం మీద 6000 న్యూటన్లు. పదిమంది పెద్దవాళ్ల బరువు ఆ ఒక్క అద్దం మీద పడినట్టే. పైగా వాలు వెంట ఎగబాకే గాలి కొండ కొమ్ముకు చేరేసరికి ఇంకా వేగం పుంజుకుంటుంది. మన సముద్రం తూర్పున ఉంది గనుక పొద్దుటి ఎండ కూడా ఆ అద్దాల్లోంచే నేరుగా ఇంట్లోకొస్తుంది. లోతైన వరండా, మూసుకోవడానికి చెక్క తలుపులు ఉన్న ఓ మోస్తరు కిటికీ చాలదా? సముద్రం దాంట్లోంచీ కనిపిస్తుంది.

అయితే అసలు చిక్కు గాలి కాదు, వాన. విశాఖ చుట్టూ ఉన్న కొండల్లో ఎక్కువగా ఉండేది ఖొండలైటు అనే రాయి. అది ఎండకూ వానకూ శిథిలమై ఎర్రమట్టిగా మారుతుంది. ఆ మట్టీ రాళ్లూ ఎన్నో వేల ఏళ్ల వానలకు తమ వాలును తామే కుదుర్చుకున్నాయి. మనం వెళ్లి యంత్రంతో ఆ వాలు పాదాన్ని నిలువుగా కోసి, తవ్విన మట్టిని కిందికి తోసి, చదును చేశామని మురిసిపోతాం. మట్టి రేణువులను పట్టి ఉంచేది వాటి మధ్య ఉన్న ఘర్షణ. నీరు సందుల్లో నిండితే రేణువులను ఎడంగా నెడుతుంది. బరువు పెరుగుతుంది, పట్టు తగ్గుతుంది. అడ్డుగోడ కడతామంటారా? మూడు మీటర్ల గోడ వెనక నీరు నిండా నిలిస్తే, గోడ పొడవులో ప్రతి మీటరు మీదా నాలుగున్నర టన్నుల తోపు పడుతుంది. మట్టి తోపు దానికి అదనం. అందుకే గోడలో నీరు కారే కన్నాలు, వెనక కంకర పొర ఉండాలి. కన్నాలు లేని నున్నటి గోడ చూడటానికి బాగుంటుంది, అంతే.

2024 ఆగస్టు 31న విజయవాడ మొగల్రాజపురంలో భారీ వర్షానికి కొండచరియ విరిగి దిగువ ఇళ్ల మీద పడింది. ప్రాణాలు పోయాయి. వాలు మీద కట్టే ప్రతివాడూ ముందు తన ఇంటి కింద ఎవరున్నారో చూసుకోవాలని నేననేది ఇందుకే. సముద్రం కనిపించే వైపే చూస్తూ కూర్చుంటే ఆ ఇళ్లు కనిపించవు.

మరి కట్టనే కూడదా? నిటారు వాలయితే కూడదు. కాస్త ఏటవాలు అయితే ఇంటినే మెట్లుమెట్లుగా దించండి. సమోన్నత రేఖల వెంట గదులు పొడవుగా పరచండి. గట్టి రాతి దాకా దిగిన స్తంభాల మీద నిలబెట్టండి. చెట్లను ఉంచండి. ఉప్పుగాలికి కాంక్రీటులోని ఇనుము తుప్పు పట్టి ఉబ్బుతుంది, కాంక్రీటును పగలగొడుతుంది. కనుక ఊచల మీద కప్పు మందంగా ఉండాలి.

విశాఖకు దగ్గర్లోని తొట్లకొండ మీద రెండు వేల ఏళ్ల కిందట బౌద్ధ భిక్షువులు ఉండేవారు. వాళ్ల విహారాల ముందు కూడా ఇదే సముద్రం. వాళ్లు రాతిలో తొట్లు తొలిచి వాన నీరు పట్టుకున్నారు. ఆ కొండకు పేరు వచ్చింది వాటివల్లనే. విశాఖలో ఏటా సుమారు ఒక మీటరు వాన పడుతుంది. మీ ఇంటి కప్పు వంద చదరపు మీటర్లయితే ఏడాదికి లక్ష లీటర్లు. అవి తొట్టిలోకైనా పోవాలి, లేకపోతే మీ పునాది కిందుగా దిగువ ఇంటివాళ్ల పెరటి గోడ మీదికైనా పోవాలి. ఈసారి బొమ్మ గీసేటప్పుడు ఆ తొట్టి ఎక్కడుందో, దాంట్లోకి కాలువ ఎటునుంచి వస్తుందో గీసి, మీ లెక్కల మాస్టారికి చూపించండి.