ధవళేశ్వరపు పడవల రేవు

ధవళేశ్వరమన్నంతనే ఆంధ్రునకు ఆనకట్ట జ్ఞప్తికి వచ్చును. 1852లో కాటన్ దొరవారు దానిని పూర్తిచేసిరి. వీణెం వీరన్నగారు వారికి కుడిభుజమై నిలిచిరి. ఆ ఆనకట్టవలన వరి పండెనని చెప్పుకొందుము గాని, పడవ నడచెనని చెప్పుకొనుట మానివేసితిమి. గోదావరి కాలువలు పొలమునకు నీటిబోదెలుగా మాత్రమే త్రవ్వబడినవి కావు. అవి బాటలు కూడ. కానిచో అన్ని లాకులు కట్టుటకు అంత రాయి, అంత సొమ్ము ఏల వ్యయము చేసెదరు? ధవళేశ్వరమున పడవ ఎక్కించిన ధాన్యము ఒకవైపు కాకినాడ ఓడరేవునకు బోయెడిది. నది దాటి ఏలూరు కాలువ పట్టిన పడవ బెజవాడ మీదుగా, కొమ్మమూరు కాలువలోను, బకింగుహాము కాలువలోను సాగి చెన్నపట్టణము చేరగలిగెడిది.

ఈ దారి పాడగుటకు రైలే కారణమని పెద్దలందురు. అది సగము నిజము. రైలు కంపెనీల పెట్టుబడికి నూటికి 5 వంతున లాభము మన పన్నులలోనుండి పూచీపడిన పరదేశ ప్రభుత్వము, పడవవానికి అట్టి పూచీ ఏదియు ఈయలేదు. రైళ్లకంటె జలమార్గములే ఈ దేశమునకు మేలని కాటన్ దొరవారు మొత్తుకొన్నను చెల్లలేదు. కాని తక్కిన సగము తప్పు మనది. స్వరాజ్యము వచ్చిన పిదప కాలువలమీద పడవ దూరని పొట్టివంతెనలు కట్టినది పరాయివాడు కాడు. గుర్రపుడెక్కకును మురుగునీటికిని కాలువలను అప్పగించినదియు మనమే.

కాకినాడనుండి పుదుచ్చేరివరకు గల ఈ కాలువలను, గోదావరి కృష్ణలలోని కొంత భాగమును జేర్చి 1078 కిలోమీటర్ల మార్గమును 2008లో నాలుగవ జాతీయ జలమార్గముగా శాసనము ప్రకటించినది. 2016 నాటి శాసనము దానిని ఇంకను పొడిగించినది. అందు కాకినాడ కాలువ 50, ఏలూరు కాలువ 139 కిలోమీటర్లు. శాసనమున్నది, పడవ లేదు. జాతీయ జలమార్గమున యంత్రపు పడవల రాకపోకలు కేంద్రమువారి జాబితాలోనివి. కాలువయు, నీరును, గట్టును రాష్ట్రమువారి జాబితాలోనివి. ఇద్దరు యజమానులుగల వాజ్యములో దస్తావేజు ఎవరు దాఖలు చేయవలెనో తేలక వాయిదాలమీద వాయిదాలు పడుట న్యాయస్థానములలో మేము చూచుచున్నదే.

ఈలోపల కాలువలపై విహారపు పడవలు నడుపవలెనను మాట తరచుగా వినవచ్చుచున్నది. మేము దానికి విరోధులము కాము. కాని పడవను కొనుటకు ముందు దానిని ఎక్కడ కట్టవలెనో ఆలోచింపవలదా? కాలువరేవు చెరువురేవు వంటిది కాదు. పంటకు నీరు విడుచునప్పుడొక మట్టము, వంతులవారీగా ఇచ్చునప్పుడొక మట్టము, వేసవిలో కాలువ కట్టివేసినప్పుడు అడుగున బురదయే. ఒకే ఎత్తున పాతిన గుంజకు బిగించి కట్టిన పడవ నీరు దిగగానే ఒరిగిపోవును. వదులుగా కట్టినచో లాకు తలుపులు తెరచినప్పటి వడికి గట్టును గ్రుద్దుకొనును. కావున గుంజలు మెట్టుమెట్టునకు వేరువేరు ఎత్తులనుండవలెను. మెట్లు గట్టు పైనుండి కాలువ అడుగువరకు రాతితో దిగవలెను. ఇదంతయు పాత పడవవాండ్రకు చెప్పనక్కరలేదు. అంచనాలు వ్రాయువారికే చెప్పవలసియున్నది.

రైతునకు వేరొక భయము కలదు, అది న్యాయమైనది. లాకులో పడవను దింపిన నీరు క్రింది కాలువలోనికే పోవును గాన దానివలన నష్టము లేదు. యంత్రపు లాంచీ వడిగా పోవునప్పటి అలలు గట్టును కోయుటయే అపాయము. గండి పడినచో విహారులు ఇంటికి పోవుదురు; మునుగునది రైతు. లాకు లస్కరుకు లాంచీని ఆపు అధికారము వ్రాతపూర్వకముగ ఉండవలెను.

ప్రాణముల విషయమైతే మరియు కఠినముగ చెప్పవలసియున్నది. ధవళేశ్వరమునకు ఎగువన, ఇదే గోదావరిలో, 2019 సెప్టెంబరు 15న కచ్చులూరువద్ద పాపికొండలకు పోవు లాంచీ వరదనీటిలో మునిగి పదులకొలది జనము మరణించిరి. ధవళేశ్వరమున నీటిమట్టము 11.75 అడుగులైన మొదటి హెచ్చరిక ఎగురవేయు ఏర్పాటు ఎన్నాళ్లనుండియో కలదు. ఆ హెచ్చరికకు లోబడిన మట్టముననే నది లాంచీని మ్రింగగలదని ఆనాడు తెలిసినది. పడవలకు వేరుగా, అంతకంటె తక్కువ మట్టమున, ఒక హద్దు ఉండవలెను. మునిగిన లాంచీని అక్టోబరులో పైకి తీసినది ఎవరు? కాకినాడవాస్తవ్యులైన ధర్మాడి సత్యంగారును వారి జట్టును. నీటిపని ఎరిగిన మనుష్యులు మనలో నున్నారు. రేవు కట్టునప్పుడు వారిని పిలువక, మునిగిన తరువాత పిలుచుచున్నాము.

2021 నాటి అంతర్దేశీయ నౌకల శాసనము యంత్రములేని పడవలను సైతము స్థానికసంస్థలలో నమోదు చేయుటకు వీలు కల్పించినది. ఆ పుస్తకము ధవళేశ్వరపు రేవులోనే ఉండవలెను. పడవవాడు దానికై రాజమహేంద్రవరము చుట్టు తిరుగరాదు. రేవును హెచ్చుపాటకు పాడుకొన్నవానికే అప్పగించు అలవాటు ఇక్కడ వలదు. సొమ్ము రాబట్టుకొను తొందరలో పాటదారు మునుపే పడవలను క్రిక్కిరియ నింపును. పడవవాండ్రు సంఘముగా నేర్పడినచో మొదటి హక్కు వారికీయవలెను.

గుంజ పాతవలెనన్నను, మెట్టు దింపవలెనన్నను కాలువ కట్టివేసిన ఆ కొలది వారములే గడువు. వేసవి వచ్చిన పిమ్మట కాగితములు కదలినచో నీరు విడుచునాటికి పునాది సైతము ఆరదు. వచ్చు సంక్రాంతిలోపల అంచనాలు ముగించి, పడవవాండ్రను రైతులను ఒకచోట కూర్చుండబెట్టి చదివి వినిపింపవలెనని అధికారులను కోరుచున్నాము.