సన్న బియ్యం: ఖజానా లెక్క, బజారు లెక్క

రేషను దుకాణంలోనే సన్న బియ్యం ఉచితంగా దొరుకుతుంటే ఇక మా బస్తా కొనేదెవరని చిల్లర బియ్యం వర్తకులు వాపోతున్నారు. తెలంగాణ ప్రభుత్వం 2025 మార్చి 30న, ఉగాదినాడు, హుజూర్‌నగర్‌లో ప్రారంభించిన పథకం కింద కార్డులో పేరున్న ప్రతి మనిషికీ నెలకు 6 కిలోల సన్న బియ్యం ఇస్తున్నారు. బజారులో గిరాకీ కొంత తగ్గుతుందన్న భయం నిరాధారమని అనలేము. అయితే వర్తకుడు తన నష్టం లెక్కకట్టుకునే ముందు ఖజానా పెట్టే ఖర్చెంత, అందులో పేద ఇంటికి చేరేదెంత అన్నది కూడా ఒకసారి చూడవలసి ఉన్నది.

రాష్ట్రం చేతిలో ఉన్న సొమ్ముకు హద్దులున్నాయి. 2017 జూలైలో జి.ఎస్.టి. వచ్చిన తరువాత చాలా సరుకులపై పన్ను రేటును తానుగా మార్చుకొనే స్వేచ్ఛ రాష్ట్రానికి లేదు. పెట్రోలు, డీజిలు, మద్యం, రిజిస్ట్రేషన్లు, వాహనాల పన్ను వంటివి మాత్రమే మిగిలాయి. అప్పు చేయాలన్నా కేంద్రం గీసిన గీత దాటకూడదు. ఆహార భద్రతా చట్టం కింద మనిషికి 5 కిలోల భారం కేంద్రం మోస్తున్నది, 2023 జనవరి నుంచి అది ఉచితంగానే అందుతున్నది. కాని ఆ చట్టం కింద తెలంగాణకు నిర్ణయించిన సంఖ్య 1 కోటి 91 లక్షల చిల్లర మాత్రమే. ఆ పైన ఉన్న కార్డులు, ఆరో కిలో, సన్న ధాన్యానికి క్వింటాలుకు 500 రూపాయల బోనసు రాష్ట్రం భుజాన పడ్డాయి.

1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో 2 రూపాయల బియ్యం ప్రవేశపెట్టిన నాటి నుంచి ఈ భారం మనకు కొత్త కాదు. ఆ ధర 1996లో 3 రూపాయల 50 పైసలకు పెరిగింది, 2008లో తిరిగి 2 రూపాయలకు దిగింది, 2011 నవంబరులో రూపాయి అయింది. ఎన్నికలను బట్టి ధర ఎక్కి దిగిందే గాని, సంచిలో పడే గింజ ఎటువంటిదన్న ప్రశ్న చాలాకాలం ఎవరికీ పట్టలేదు.

అసలు చిక్కు ఆ గింజలోనే ఉన్నది. దొడ్డు బియ్యం తినే ఇళ్ళు నానాటికీ తగ్గిపోయాయి. కార్డుదారు దుకాణంలో తీసుకున్న బియ్యాన్ని వీధి చివరనే దళారికి పదో పన్నెండో రూపాయలకు అమ్మి, ఆ డబ్బుకు మరికొంత కలిపి సన్న బియ్యం కొనుక్కొనేవాడు. దళారి పోగుచేసిన సరుకు మిల్లుకు చేరి పాలిషు పట్టించుకొని, మళ్ళీ ప్రభుత్వానికో, లేదా ఎగుమతికో పోయేది. 2024 నవంబరులో కాకినాడ రేవులో ఓడకెక్కిన రేషను బియ్యాన్ని ఆంధ్రప్రదేశ్ ఉపముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ స్వయంగా వెళ్ళి చూసిన వైనం అందరికీ తెలిసినదే. ఈ వ్యాపారం ఎవరి చేతుల మీదుగా సాగిందో బజారుకు తెలియదని అనుకోవడం అమాయకత్వం. రేషను సన్న బియ్యం వల్ల గిరాకీ పోయిందని ఇప్పుడు గోలపెడుతున్నవారిలో నిన్నటిదాకా రేషను దొడ్డు బియ్యం మీద కమీషను తిన్నవారు లేకపోలేదు.

2024-25 సీజను ధరలతో లెక్క వేద్దాం. ఎ గ్రేడు ధాన్యం మద్దతు ధర క్వింటాలు 2,320 రూపాయలు. పచ్చి బియ్యానికి మర 67 కిలోలు ఇవ్వాలి. అంటే మిల్లింగు కూలి, గోనె, రవాణా, వడ్డీ కలపకుండా, ధాన్యం ఖరీదే కిలో బియ్యానికి 34 రూపాయల 63 పైసలు. నలుగురున్న ఇంటికి నెలకు 24 కిలోలు, 831 రూపాయలు. ఆ బియ్యాన్ని దళారికి కిలో 10 చొప్పున అమ్ముకుంటే ఇంటికి దక్కేది 240 రూపాయలు. అంటే 831 ఖర్చుపెట్టి 240 ఇచ్చినట్టు. మిగిలిన సొమ్ము దారిలో ఉన్నవారిది.

సన్న ధాన్యానికి బోనసు 500 కలిపితే క్వింటాలు 2,820, కిలో బియ్యానికి 42 రూపాయల 9 పైసలు, నెలకు 1,010 రూపాయలు. బజారులో అదే బియ్యం కిలో 50 అనుకున్నా ఆ ఇంటికి 1,200 రూపాయల సరుకు చేరుతున్నది. ఖజానాకు అదనంగా పడినది 179 రూపాయలు, అమ్ముకునే ఇంటికి అదనంగా దక్కినది 960 రూపాయలు. దొడ్డు బియ్యాన్నే వండుకు తిన్న ఇళ్ళకు ఇంత తేడా ఉండదు, నిజమే. అయినా చేతిలో డబ్బు తక్కువగా ఉన్న ప్రభుత్వం ఇంతకంటే లాభసాటి బేరం ఎక్కడ చేయగలదు?

బియ్యం ఎందుకు, నగదు ఇస్తే సరిపోదా అని కొందరు వర్తకమిత్రులు అంటున్నారు. చండీగఢ్, పుదుచ్చేరిలలో 2015 నుంచి అదే పద్ధతి చూశారు. నగదు ఇస్తే కొనుగోలు మన అంగట్లోనే జరుగుతుంది గనుక ఆ సలహాలో మన స్వార్థం కొంత ఉన్నది. నగదు మొత్తం ఒకసారి నిర్ణయమైతే ఏళ్ళ తరబడి కదలదు, ధర మాత్రం ఆగదు. 2023లో బియ్యం ధరలు మండి, జూలై 20న కేంద్రం బాస్మతియేతర తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించవలసి వచ్చింది, ఆ నిషేధం 2024 సెప్టెంబరు దాకా పూర్తిగా తొలగలేదు. అటువంటి ఏడాదిలో నగదు పుచ్చుకున్న ఇల్లాలి సంచి బరువు తగ్గుతుంది. గింజ పుచ్చుకున్న ఇల్లాలికి ఆ బెంగ లేదు.

పథకంలో లోపాలు లేవని కాదు. కొత్త బియ్యం వండితే ముద్దవుతున్నదన్న ఫిర్యాదు ఉన్నది. సన్న బియ్యానికి నాలుగైదు నెలలైనా నిల్వ కావాలని మిర్యాలగూడలో ఏ మిల్లు గుమస్తాను అడిగినా చెబుతాడు. నిల్వ అంటే గోదాము, వడ్డీ, పురుగు మందు. ఆ ఖర్చుకు వెనుకాడి కొత్త గింజనే పంచితే, ముద్దయిన అన్నం తిననివారు మళ్ళీ దళారినే వెతుక్కుంటారు, పైన వేసిన లెక్క అంతా తలకిందులవుతుంది. యాసంగి ధాన్యం మరో తలనొప్పి. ఎండలకు గింజ పగిలి పచ్చి బియ్యంలో నూక ఎక్కువవుతుంది. కాబట్టి పన్నెండు నెలల పంపిణీకి ప్రధానంగా వానాకాలం సాంబమసూరి, తెలంగాణ సోనా వంటి రకాల మీదనే ఆధారపడవలసి ఉంటుంది. ఆ పంటను కొని దాచే శక్తి పౌర సరఫరాల సంస్థకు ఎంత ఉంటే పథకం అంత నిలుస్తుంది.

ఇక బోనసు. సకాలంలో పడుతుందన్న నమ్మకం ఉంటేనే రైతు సన్న రకం కేంద్రానికి తెస్తాడు. ఆలస్యమవుతుందని తోస్తే 500 వదులుకొనైనా కల్లంలోనే అడ్తిదారుకు తూచి రొక్కం పుచ్చుకుంటాడు. కోతలు మొదలయ్యేలోగా ప్రభుత్వం బోనసు చెల్లింపు తేదీని ప్రకటించి, ఆ తేదీకి కట్టుబడితే ఈ సీజనులో సన్న ధాన్యం రాబడులు కొనుగోలు కేంద్రాల వైపు మొగ్గుతాయి. అప్పుడు బజారులో సరుకు పలుచబడి, ప్రైవేటు కొనుగోలుదారులు రైతుకు మద్దతు ధరపైన 500 కంటే ఎక్కువే చూపవలసి రావచ్చు.