చెయ్యి ముందా, మనస్సు ముందా?

తిరనాళ్లలో మీ చేతిలో ఇరవై రూపాయలున్నవి. వాటితో జీళ్లు కొనుక్కోవచ్చు, లేదా రంగులరాట్నం ఎక్కవచ్చు. రెండూ కుదరవు. కాసేపు అటూ ఇటూ ఊగి, చివరకు ఏదో ఒకటి తేల్చుకుంటారు. ఆ తేల్చుకోవడం మీ తలలో ఎట్లా జరుగుతుందో ఎన్నడైనా ఆలోచించారా?

ఈ సంగతి కనిపెట్టడానికి అమెరికాలో, అయోవా విశ్వవిద్యాలయంలో, ఆంటొనియో డమాసియో, ఆంటోయిన్ బెచారా మొదలైన శాస్త్రజ్ఞులు ఒక పేకాట కల్పించి, 1994లో దానిని ప్రకటించారు. బల్లమీద నాలుగు పేక కట్టలుంటవి. ఆడేవారికి 2,000 డాలర్ల ఉత్తుత్తి డబ్బు అప్పుగా ఇస్తారు. ప్రతిసారీ తమకు తోచిన కట్టలోనుంచి ఒక ముక్క తీయాలి. రెండు కట్టలలో ముక్కకు 100 డాలర్లు వస్తవి. కాని ఉన్నట్టుండి పెద్ద జరిమానా పడుతుంది. తక్కిన రెండింటిలో 50 డాలర్లే వస్తవి, జరిమానాలూ చిన్నవే. లెక్క చూస్తే, మొదటి రకం కట్టలలో పది ముక్కలకు 250 డాలర్లు నష్టం, రెండవ రకంలో 250 డాలర్లు లాభం. ఈ రహస్యం ఆడేవారికి చెప్పరు.

భయం వేస్తే అరచేతులు చెమర్చడం మీరెరుగుదురు. చెమర్చిన చర్మంగుండా విద్యుత్తు సులువుగా పోతుంది. కనుక శాస్త్రజ్ఞులు ఆడేవారి చేతికి తీగలు తగిలించి, ఆ మార్పును కొలిచారు. 1997లో ప్రకటించిన ఫలితం చిత్రమైనది. సుమారు పది ముక్కలు తీసేసరికే, చెడ్డ కట్టమీదికి చెయ్యి పోబోతుంటే చర్మం చెమర్చసాగింది. కాని, ఆ కట్టలంటే ఎందుకో అనుమానంగా ఉన్నదని వారు నోటితో చెప్పింది సుమారు యాభై ముక్కలు తీసిన తరువాతనే!

నుదుటి వెనక, కళ్లకు కాస్త పైగా ఉండే మెదడు భాగం దెబ్బతిన్న రోగులు కూడా ఈ ఆట ఆడారు. ముక్క తీయబోయే ముందు వారి చర్మం చెమర్చనే లేదు. వారిలో కొందరు ఏవి చెడ్డ కట్టలో సరిగ్గా చెప్పి కూడా, మళ్లీ వాటిలోనుంచే తీసి నష్టపోయారు! పాపం, అటువంటివారు తెలివితేటలుండి కూడా బతుకులో డబ్బూ, స్నేహాలూ పోగొట్టుకుంటారు. తెలియడం వేరు, తేల్చుకోవడం వేరు అన్నమాట.

అయితే కథ అంతటితో ముగియలేదు. టియాగో మైయా, జేమ్స్ మెక్లెలాండ్ అనేవారు ఇదే ఆట ఆడించి, ఇంకా నిశితంగా ప్రశ్నలు వేశారు. ఆడేవారి మనస్సుకు సంగతి అంతకుముందు అనుకున్నదానికన్నా త్వరగానే తెలుస్తున్నదని 2004లో వారు ప్రకటించారు. మరి చెయ్యి ముందా, మనస్సు ముందా? ఆ వాదం నేటికీ తెగలేదు. ఇలాంటి ప్రశ్న ఒక్కటి పట్టుకొని, ఏళ్లతరబడి పరిశోధించి, డాక్టరు పట్టం పొందే విద్యార్థులున్నారు. వారు మందులిచ్చే డాక్టర్లు కారు!

ఈసారి చేయరాని పని చేయబోతూ మీకు గుండె దడదడలాడితే, ఒక్క క్షణం ఆగండి. మీకన్నా ముందు మీ అరచేతికి ఏమైనా తెలిసిందేమో చూసుకోండి.