అది పొగరు కాదమ్మా!

పదో తరగతి చదివే మా అమ్మాయి నెలకోసారి వేరే పిల్లయిపోయేది. కంచం తోసేయడం, తలుపేసుకుని ఏడవడం. "ఆడపిల్లకింత కోపమేమిటి?" అనేవారు అత్తయ్య. నేనూ పొగరనే అనుకున్నాను. ఓ రాత్రి "నేను లేకపోతే మీ అందరికీ హాయి కదమ్మా" అంది. గుండె ఝల్లుమంది. ఆ రాత్రంతా పక్కనే పడుకున్నాను. తెల్లారి బహిష్టయింది. రెండు రోజులకల్లా నవ్వుతూ జడ వేయమని వచ్చింది!

అప్పుడు అనుమానం వచ్చింది. పాల లెక్క రాసుకునే క్యాలెండర్ మీదే రెండు నెలలు గుర్తులు పెట్టాం. ఏడ్చిన రోజు, నిద్ర పట్టని రోజు, బహిష్టయిన రోజు. అన్నీ నెలసరికి ముందు వారం, పది రోజుల్లోనే! ఆ క్యాలెండరే డాక్టరమ్మ ముందు పెట్టాం. హార్మోన్ల హెచ్చుతగ్గులు కొందరి మెదడు మీద ఎక్కువగా పనిచేస్తాయనీ, ఈ తీవ్రరూపాన్ని పీఎండీడీ అంటారనీ, 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం కూడా దీన్ని జబ్బుల జాబితాలో చేర్చిందనీ, మందులున్నాయనీ చెప్పారావిడ.

"పెళ్లయితే అదే సర్దుకుంటుంది" అనే మాట ఇకనైనా మానేద్దాం. కడుపునొప్పికి వేడినీళ్ల కాపడం పెట్టే మనం, మనసు నొప్పికి తిట్లు పెట్టడం ఏం న్యాయం? మీ అమ్మాయి కోసమూ క్యాలెండర్లో గుర్తులు పెట్టి చూడండి. చావు మాట నోట వస్తే మాత్రం గుర్తుల కోసం ఆగకండి. ఆ రోజే డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి.