పాత పెట్టెకు కొత్త తాళం

మా ఇంట్లో కంప్యూటరు 2015లో కొన్నది. మనుషుల లెక్కలో పదేళ్ల వాడింకా అయిదో తరగతి చదువుతూ వుంటాడు. కంప్యూటర్ల లెక్కలో మాత్రం పదేళ్లు దాటితే షష్టిపూర్తి అయినట్లేనట. ఆ మధ్య బజారులో ఒక దుకాణదారు మా పెట్టె వయస్సు విని, "ఇంకా దాన్నే వాడుతున్నారా అమ్మా! తీసి పారేసి కొత్తది పట్టుకెళ్లండి, నలభై వేలల్లో మంచిది చూపిస్తాను" అన్నాడు.

నలభై వేలు! పింఛను మీద నడిచే సంసారంలో ఆ మాట పలకడం తేలికే, లెక్క వేయడం కష్టం. పైగా మా పెట్టె ఏం పాపం చేసిందని? నేను వ్యాసాలు రాసుకుంటాను, మా వారు కరెంటు బిల్లు కడతారు, అమెరికాలో వున్న అబ్బాయి ఆదివారం పూట అందులోనే కనబడతాడు. ఇంతకంటే మా అవసరాలేమీ లేవు. అందుకని ఊరుకున్నాం. ఊరుకోవడం తప్పు కాదు గాని, ఏ జాగ్రత్తా పడకుండా ఊరుకోవడం తప్పేనని ఈ వేసవిలో తెలిసివచ్చింది. ఆ సంగతే ఈ వారం చెబుతాను.

మా అమ్మ దగ్గర ఒక పాటల పుస్తకం వుండేది. నలుగు పాటలు, మంగళహారతులు, అప్పగింతల పాటలు, తన అత్తగారి దగ్గరా మేనత్తల దగ్గరా విన్నవన్నీ ఆమె స్వహస్తంతో రాసుకున్నది. అమ్మ పోయాక అది నాకు వచ్చింది. అదృష్టవశాత్తు నాలుగేళ్ల క్రితం ఆ పేజీలన్నీ స్కాను చేయించి పెన్‌డ్రైవులో పెట్టించాను. నిరుడు వానాకాలంలో అటక కారి, పుస్తకం తడిసి ముద్దయింది. సిరా అంతా కరిగి పేజీలన్నీ నీలి మరకలయ్యాయి. "పోనీలే, పెన్‌డ్రైవులో వున్నాయి గదా" అని మనస్సును సమాధానపరచుకున్నాను.

ఈ వేసవిలో మా చెల్లెలి కూతురి పెళ్లి కుదిరింది. "అక్కయ్యా, అమ్మ పాటలు అచ్చు తీయించి పట్టుకురా, అప్పగింతలప్పుడు మనమే పాడదాం" అని చెల్లెలు ఫోను చేసింది. పెన్‌డ్రైవు పట్టుకుని మా సందు చివర జిరాక్సు దుకాణానికి వెళ్లాను. అక్కడి కుర్రాడు తన కంప్యూటరుకు తగిలించి, ఏదో అవాంతరం వచ్చి, "రేపు రండి మేడమ్" అని తిరిగి ఇచ్చేశాడు. ఇంటికి వచ్చి మా పెట్టెకు తగిలించి చూద్దును గదా, అమ్మ పాటల సంచీ వుండవలసిన చోట అదే పేరుతో ఒక చిన్న బొమ్మ, దాని మూలన ఒక బాణం గుర్తు! నొక్కితే ఏదో మెరిసి మాయమయింది. మళ్లీ నొక్కాను. పాటలు లేవు. పెన్‌డ్రైవు తప్పేమో, పెట్టె తప్పేమో తెలుసుకుందామని మా వారి పింఛను కాగితాలున్న మరో పెన్‌డ్రైవు తగిలించాను. అయిదు నిమిషాల్లో దానికీ బాణాలు మొలిచాయి.

ఆ రాత్రి నాకు నిద్ర లేదు. డబ్బు పోతే సంపాదించుకోవచ్చు. అమ్మ చేతిరాత ఎక్కడి నుంచి తెస్తాను?

మర్నాడు మా చెల్లెలి కొడుకు వచ్చాడు. ఇంజనీరింగు చదువుతున్నాడు. పెట్టె ముందు కూర్చుని, "పెద్దమ్మా, ఏడవకు. పాటలెక్కడికీ పోలేదు, దాక్కున్నాయంతే" అన్నాడు. ఈ జాతి వైరసు చేసే పని ఇదేనట. పెన్‌డ్రైవులోని సంచీలను కంటికి కనబడకుండా దాచివేస్తుంది. వాటి పేరుతోనే బాణం గుర్తు నకిలీలను బయట కూర్చోబెడుతుంది. మనం మన సంచీయే అనుకుని నకిలీని నొక్కుతాం. నొక్కగానే వైరసు లేచి కంప్యూటరులోకి దూరుతుంది. ఆ పైన ఆ కంప్యూటరుకు తగిలించిన ప్రతి పెన్‌డ్రైవుకూ అంటుకుంటుంది. అంటే జిరాక్సు దుకాణం నుంచి మా ఇంటికి దాన్ని మోసుకొచ్చినదీ నేనే, తలుపు తీసినదీ నేనే.

వాడు దాగివున్న ఫైళ్లను చూపించే ఏర్పాటు నొక్కేసరికి అమ్మ పాటలన్నీ మసక మసకగా ప్రత్యక్షమయ్యాయి. నా ప్రాణం లేచివచ్చింది.

"సరే గాని, కంప్యూటరులో కాపలాదారు వుండాలే, ఏమయ్యాడు?" అని వాడు వెతికాడు. విండోస్ 10లో డిఫెండరు అనే కాపలా కంపెనీ వారు ఉచితంగా పెట్టినదే వుంటుంది. మా పెట్టెలో అది నిద్రపోతున్నది. మూడేళ్ల క్రితం ఒక మెకానికు రెండు వందలు పుచ్చుకుని, డబ్బిచ్చి కొనవలసిన ఆఫీసు సాఫ్టువేరును "ఫ్రీగా" వేసి వెళ్లాడు. ఆ దొంగ సరుకును డిఫెండరు ఒప్పుకోదు గనుక ముందు దాని నోరు నొక్కి, తర్వాత సరుకు దింపాడన్నమాట. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆ ఇంటి దొంగకు కాఫీ ఇచ్చి మరీ పంపాను నేను.

ఈ వైరసులు నిన్న మొన్నటివి కావు. ఐ.బి.ఎం. తరహా కంప్యూటర్లకు వచ్చిన మొదటి వైరసు పేరు "బ్రెయిన్." 1986లో లాహోరులో ఇద్దరు అన్నదమ్ములు రాశారు. 2000 మే నెలలో ప్రేమలేఖ వేషంలో ఫిలిప్పీన్స్ నుంచి ఒకటి బయలుదేరి ప్రపంచాన్ని చుట్టింది. చూడడానికి మామూలు కాగితం లాగానే వుండేది, దాని పేరు చివర దాగివున్న అసలు తోక మాత్రం ప్రోగ్రాముది. ఇక 2017 మేలో వచ్చిన "వానాక్రై" ఫైళ్లన్నిటికీ తాళం వేసి, తీయాలంటే మూడు వందల డాలర్లు పెట్టమన్నది. నూట యాభై దేశాలకు పైగా పాకింది. మన ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్నిటికి కూడా తగిలింది. అందులో నేర్చుకోవలసిన సంగతేమిటంటే, అది దూరిన కన్నాన్ని పూడ్చే మరమ్మతును మైక్రోసాఫ్టు వారు రెండు నెలల ముందే, మార్చిలోనే ఇచ్చారు. వేయించుకున్న వారికి ఆ దారిన ఆపద రాలేదు. "తర్వాత చూద్దాం" అన్నవారు చిక్కారు.

కనుక ఆ రోజు మా వాడు చేసిన పనులు, నాకు చెప్పిన జాగ్రత్తలు మీకూ చెబుతాను. వీటికి పెద్ద ఖర్చు లేదు. కాస్త ఓపిక మాత్రం కావాలి.

మొదటిది: దొంగ సాఫ్టువేరు తీసివేయడం. ఆఫీసు బదులు లిబ్రె ఆఫీసు అనే ఉచితమైనది పెట్టాడు. తెలుగు చక్కగా రాస్తుంది, పాత ఫైళ్లూ తెరుస్తుంది. ఈ వ్యాసం అందులో రాసినదే.

రెండవది: డిఫెండరును లేపి, కంప్యూటరును సాంతం వెతికించడం. విండోసు లేవకముందే వెతికే "ఆఫ్‌లైను స్కాను" కూడా అందులో వుంది. మొండి వైరసులకు అది మంచి మందు. భయం కొద్దీ రెండు మూడు యాంటీవైరసులు పెట్టుకోకండి. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు, ఒకదాన్నొకటి అనుమానించుకుంటూ పాత పెట్టెను నత్త చేస్తాయి. ఒక్కటి చాలు. అది రోజూ కొత్త సమాచారం తెచ్చుకుంటూ వుండాలి. లేకపోతే దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్లవుతుంది.

మూడవది: మరమ్మతులు. ఇక్కడే పాత కంప్యూటరు వారికి అసలు చిక్కు. విండోస్ 7కు 2020 జనవరిలోనే మరమ్మతులు ఆగిపోయాయి. విండోస్ 10కు మామూలు గడువు 2025 అక్టోబరు 14తో తీరింది. 2017కు ముందు తయారైన యంత్రాలను విండోస్ 11 చాలావరకు గడప తొక్కనివ్వదు. అయితే ఇళ్లలోని విండోస్ 10 కంప్యూటర్లకు 2026 అక్టోబరు 13 దాకా రక్షణ మరమ్మతులు అందే ఏర్పాటును కంపెనీ వారు ప్రకటించారు. మైక్రోసాఫ్టు ఖాతాతో చేరి, సెట్టింగుల నకలు వారి దగ్గర దాచుకోవడానికి ఒప్పుకుంటే డబ్బు కట్టనక్కరలేదు. నేను అట్లాగే చేరాను.

ఆ గడువు తర్వాత ఏమిటంటారా? లినక్సు వుంది. అందులో "మింటు" అనేది ఉచితం, రెండు జీబీల మెమరీతో నడుస్తుంది, నాలుగుంటే హాయిగా నడుస్తుంది. ముందు పెన్‌డ్రైవు నుంచే నడిపి చూసి, నచ్చితేనే పెట్టెలోకి దింపుకోవచ్చు. దింపేటప్పుడు పాత సరుకు చెరిగిపోయే ప్రమాదముంది గనుక అన్నిటికీ నకళ్లు ముందే తీసుకోవాలి. నేను చూశాను. మొదటి రెండు రోజులు కొత్తగా వచ్చిన కోడలికి అత్తవారి వంటింటిలా డబ్బాలు వెతుక్కున్నాను. మూడో రోజుకు అలవాటయింది. మరమ్మతులందని విండోసు మీద బ్యాంకు పని చేయడం కంటే ఇది వెయ్యి రెట్లు మేలు.

నాలుగవది: ఇనప్పెట్టె తాళాలు అందరికీ ఇవ్వకపోవడం. కంప్యూటరులో అడ్మినిస్ట్రేటరు ఖాతా అంటే ఇంటి పెత్తనం. రోజువారీ పనికి పెత్తనం లేని మామూలు ఖాతా ఒకటి పెట్టుకోవాలి. అప్పుడు ఏ ప్రోగ్రామైనా పెట్టె మొత్తం మీద పెత్తనం చేయాలంటే మామూలుగా ముందు అడ్మినిస్ట్రేటరు పాస్‌వర్డు అడగాలి. మీరు రమ్మనకుండా అడిగిందంటే అనుమానించవలసిందేనన్నమాట.

అయిదవది: ఫైలు పేరులోని తోక చూడడం. ఫైళ్ల కిటికీలో తోకలు కనబడే ఏర్పాటు చేసుకోండి. మధ్యలో పి.డి.ఎఫ్. అని వుండి చివర ఇ.ఎక్స్.ఇ. అని వుంటే అది కాగితం కాదు, ప్రోగ్రాము. ఫోనులోనూ అంతే. ఎ.పి.కె. తోకతో శుభలేఖ వస్తే ఆ పెళ్లికి వెళ్లకండి.

ఆరవది: ఉన్నట్టుండి తెరంతా ఎర్రబడి, "మీ కంప్యూటరులో వైరసు వుంది, ఈ నంబరుకు ఫోను చేయండి" అని కేకలు పెడితే బెదరకండి. అసలైన హెచ్చరిక ఏదీ ఫోను నంబరు ఇవ్వదు. ఆ కిటికీ మూసేయండి. మూయనివ్వకపోతే కంప్యూటరు ఆర్పేయండి.

ఏడవది అన్నిటికంటే ముఖ్యం: నకళ్లు. కాపలాదారు ఎంత గొప్పవాడైనా ఏదో ఒకనాడు కునుకు తీస్తాడు. పోతే మళ్లీ రానివి మూడు చోట్ల వుండాలి, వాటిలో ఒకటి మరో ఇంట్లో వుండాలి. నకలు తీయగానే పెన్‌డ్రైవు ఊడదీసి బీరువాలో పెట్టండి. తగిలించే వుంచితే ఫైళ్లకు తాళం వేసే వైరసు దానికీ వేస్తుంది. జిరాక్సు దుకాణానికి పట్టుకెళ్లడానికి ఖాళీ పెన్‌డ్రైవు వేరే పెట్టుకుని, అచ్చు వేయవలసిన కాగితం ఒక్కటే అందులో ఎక్కించండి. తిరిగి వచ్చాక ఇంట్లో తగిలిస్తే, తెరవకముందే స్కాను చేయించండి.

ఇంత చేసినా ఆపద వస్తే ముందు ఇంటర్నెట్టు తీసేయండి. పాస్‌వర్డులు ఆ పెట్టెలో కాక మరో శుభ్రమైన యంత్రం మీద మార్చుకోండి. తాళం వేసిన వాడికి డబ్బు పంపకండి. పంపినా తెరుస్తాడని నమ్మకమేమీ లేదు. ప్రభుత్వం 2017లో పెట్టిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం వారు వైరసులు తీసే సాధనాలు ఉచితంగా ఇస్తున్నారు. డబ్బు పోయిందని తెలిసిన మరుక్షణం 1930కి ఫోను చేయాలి. ఎంత తొందరగా చేస్తే, డబ్బు దొంగ చేతికి చేరకముందే ఆపడానికి అంత వీలు.

మా పనికంతా అయిన ఖర్చు రెండు కొత్త పెన్‌డ్రైవులు, వెయ్యి రూపాయల లోపు. దానితో పాటు మా చెల్లెలి కొడుక్కి రెండు పూటలా పెసరట్టు ఉప్మా. నలభై వేలు బ్యాంకులోనే వున్నాయి.

పెళ్లి బాగా జరిగింది. అమ్మ చేతిరాత అచ్చు తీయించి పట్టుకెళ్లాను. అప్పగింతలప్పుడు నేనూ చెల్లెలూ చెరోవైపూ ఆ కాగితాలు పట్టుకుని పాట మొదలుపెట్టాం. రెండో చరణం దగ్గర మా ఇద్దరికీ గొంతు పట్టేసింది. అక్షరాలు కనబడటం లేదు. వెనక నుంచి పెళ్లికూతురు తొంగి చూసి, అమ్మమ్మ రాసిన ముక్కలు తానే కూడబలుక్కుంటూ చదివింది.

తిరిగి వచ్చేటప్పుడు ఒక పెన్‌డ్రైవు చెల్లెలి బీరువాలో, పట్టుచీరల కింద పెట్టి వచ్చాను.