క్రొత్తయింటికి పూచీ యెవరిది?

2023 అక్టోబరు 12వ తేదీని సామర్లకోటలో సామూహిక గృహప్రవేశములు జరిగినవి. నాటి ముఖ్యమంత్రి శ్రీ వై. యస్. జగన్మోహనరెడ్డిగారు స్వయముగా విచ్చేసి, యీయూరి కాలనీయిండ్లతోపాటు రాష్ట్రమంతట కట్టి ముగించిన యేడులక్షలకు పైబడిన యిండ్లను గృహస్థుల కప్పగించుచున్నట్లు ప్రకటించిరి. ఉపన్యాసములు ముగిసినవి, షామియానాలు విప్పిరి. కాపురమున్నవారికి మాత్ర మొక ప్రశ్న మిగిలినది. గోడ బీటవారినను, స్లాబు కారినను ఎవరి నడుగవలయును?

ఈప్రశ్న పేదలది మాత్రమే కాదు. లక్షలు పోసి ఫ్లాటు కొనిన ప్లీడరుగారిని, భూమి నమ్మి పట్టణమున ఇల్లు గొనిన రైతును అడిగి చూడుడు. తాళపుచెవులు పుచ్చుకొనినవారే గాని పూచీ యేమని యడిగినవారు నూటి కొక్కరైన నుందురా?

గోదావరి మనకు అన్నము పెట్టినది గాని, ఆనది తెచ్చిపోసిన నేల ఇల్లు గట్టువానికి అంత సులభముగ లొంగునది కాదు. నల్లమట్టి వానకు ఉబ్బును, ఎండకు ముడుచుకొనును. పైనున్న గోడ దానితో నాడును. వరిచేలు మెరక చేసి వేసిన లేఅవుట్లలో పోసిన మట్టి, చక్కగ దిమ్మిస చేయనిచో, కొన్ని వర్షకాలములపాటు దిగుచునే యుండును. ఉప్పునీటితోను, ఉప్పుతేలిన యిసుకతోను కలిపిన కాంక్రీటులో చువ్వలు తుప్పుపట్టి, ఉబ్బి, స్లాబు పెచ్చులూడును. గృహప్రవేశమునాడు ఈదోషములలో నొక్కటియు కంటబడదు. రంగు వేసిన గోడలన్నియు నాడు చక్కనివే. మన భీమేశ్వరాలయము వేయేండ్లుగ నిలువలేదా యని కొందరు బిల్డర్లు చమత్కరింతురు. అది రాతికట్టడము, కట్టించినవారు చాళుక్యులు. ఆ యుపమానము ఫ్లాట్లు కట్టువారికి చెల్లదు.

దోషము ఆలస్యముగ బయటపడును గనుకనే 2016వ సంవత్సరపు స్థిరాస్తి నియంత్రణ చట్టము, జనులు రెరా యని పిలుచునది, తన 14వ సెక్షనులో కాలపరిమితి నిర్ణయించినది. ఇల్లు స్వాధీనము చేసిన నాటినుండి 5 సంవత్సరములలోపల కట్టడపు నిర్మాణమున గాని, పనితనమున గాని, సరకుల నాణ్యతలో గాని, ఒప్పుకొనిన సదుపాయములలో గాని లోపము కనబడి, కొనినవారు తెలియజేసినచో, బిల్డరు 30 దినములలో తన ఖర్చుతో బాగుచేయవలయును. చేయనిచో నష్టపరిహార మీయవలయును. దీనికి ప్రత్యేకమైన బాండు గాని, అదనపు రుసుము గాని అక్కరలేదు. ఒక సంవత్సరమే పూచీయని అచ్చువేసిన కాగితము చూపి, రెండవయేట వచ్చినవారిని గుమ్మమునుండియే పంపివేయు బిల్డరుకు ఈసెక్షనును చదివి వినిపింపవలయును. లిఫ్టు, మోటారు, తలుపుల కర్మాగారములవా రిచ్చు వారంటీలు వేరు. వాని గడువు తీరినంతమాత్రమున ఇంటిపూచీ తీరదు. అయితే గృహస్థు తానే గోడ పడగొట్టి, తానే పైయంతస్తు లేపి, ఆపై బీటలకు బిల్డరును బాధ్యుని చేయుట న్యాయము కాదు.

ఇక చట్టములోని సందు చూడుడు. 500 చదరపు మీటర్లకు, అనగా మన లెక్కను సుమారు 598 గజములకు, మించని స్థలములో గాని, ఎనిమిదికి మించని ఫ్లాట్లతో గాని కట్టినచో రెరాలో నమోదు అక్కరలేదు. మన చిన్నపట్టణములలో పండ్రెండుసెంట్లకు లోబడిన స్థలములలో లేచుచున్న కట్టడము లెన్నియో! నమోదు లేనిచోట కొనువారు ఐదేండ్ల పూచీని విక్రయపుటొడంబడికలోనే వ్రాయించుకొనుట తప్ప వేరు జాగ్రత్త లేదు. వినియోగదారుల కమిషను ద్వారము తెరచియే యున్నది. గృహనిర్మాణముకూడ సేవయేయని, ధర గైకొనిన ప్రభుత్వసంస్థలును దానికి బాధ్యులేయని సుప్రీముకోర్టు 1993లోనే తీర్పుచెప్పినది. కాని 2019 చట్టప్రకారము కారణము పుట్టిన రెండేండ్లలో ఫిర్యాదు చేయవలయును. మేస్త్రీతో నోటిమాటలతో కాలము గడపువారు ఈగడువును పోగొట్టుకొందురు. తేదీ వేసిన ఉత్తరము రిజిస్టరుపోస్టులో పంపి, బీటల ఫోటోలు తీసియుంచుకొనవలయును.

భూస్వాములైన మన పాఠకులకు ఒక హెచ్చరిక. స్థలము బిల్డరున కిచ్చి, వాటాగా వచ్చిన ఫ్లాట్ల నమ్ముకొనువారు, కట్టినవాడు వేరు గదా, మాకేమి యని నిశ్చింతగ నున్నారు. కట్టినవాడును, అమ్మినవాడును వేరైనచో ఇరువురును ప్రమోటర్లే, ఇరువురును ఉమ్మడిబాధ్యులే యని రెరాచట్టము స్పష్టముగ చెప్పుచున్నది. బిల్డరు ఊరు విడిచిపోయిన పిమ్మట నోటీసు మీ యింటికే రాగలదు.

మరల కాలనీమాట. ఆపథకములో ఒక్కొక్కయింటికి నిర్ణయించిన మొత్తము లక్షా 80 వేల రూపాయలు. మార్గములు మూడు: సరకులు ప్రభుత్వ మిచ్చి కూలి చెల్లించుట; గృహస్థు తానే కట్టుకొని సొమ్ము పుచ్చుకొనుట; ప్రభుత్వమే కట్టించి యిచ్చుట. మొదటి రెంటిలో కట్టించినవాడు గృహస్థే గాన మేస్త్రీని నిలదీయవలసినవాడును అతడే. ప్రభుత్వ మిచ్చిన సిమెంటు, ఇనుముల నాణ్యతకు మాత్రము ప్రభుత్వమే జవాబుదారి. మూడవమార్గమున గుత్తదారుని ఎన్నుకొనినది ప్రభుత్వము, పని చూచినది ప్రభుత్వపు టింజనీర్లు. గుత్తదారుతో జరిగిన ఒడంబడికలో పూచీ యేమని యున్నదో ఆయింటిలో నిదురించువానికి తెలియవలదా? డబ్బుగలవాడు కొనిన ఫ్లాటుకు ఐదేండ్ల పూచీ, కూలివాని సెంటుస్థలపు టింటికి పూచీ యేమో తెలియనిస్థితి, ఇదెక్కడి ధర్మము? మనల నేలిపోయిన యింగ్లండులో క్రొత్తయిండ్లలో చాలవానికి పదేండ్ల పూచీ యున్నది. మొదటి రెండేండ్లు కట్టినవాడు, పిమ్మట భీమాసంస్థ చూచుకొనును. మనము కోరుచున్నది అందు సగమే.

2023 అక్టోబరు 12వ తేదీని చేపట్టిన యిండ్లకు ఐదేండ్లలెక్క వేసినచో 2028 అక్టోబరు 12తో గడువు తీరును. ప్రభుత్వములు మారినను ఇండ్లు మారలేదు. గృహనిర్మాణసంస్థవారు గుత్తదారులు కట్టిన ప్రతియింటిని ఈలోపల పరీక్షించి, లోపములను గుత్తదారులచేతనే బాగుచేయించి, ఒడంబడికప్రతిని తెలుగున గృహస్థుల కీయవలయును. పరీక్షకు ఎండకాలము చాలదు. స్లాబు కారునది, పునాది కదలునది వానలలోనే గనుక ఇంజనీర్లు ఆనాళ్లలోనే కాలనీకి రావలయును.